ధర్మసాగర్ దారిలో కుక్కల బడి

మాలినోయ్ అనే జాతి కుక్కపిల్లను కొనాలన్న పిచ్చి నాకు రీల్స్ చూసే పట్టింది. ఎత్తు గోడను రెండంగల్లో ఎక్కేసే కుక్క, మందపాటి సూటు వేసుకున్న మనిషి చేతిని గాల్లోనే పట్టుకుని వేలాడే కుక్క, కనుసైగ చేస్తే చాలు నేలకు అంటుకుపోయే కుక్క. రాత్రి షాపు మూసి ఇంటికొచ్చి అన్నం తింటూ అవే చూసేవాణ్ణి. చివరికి ఒక పెంపకందారుతో ఫోన్‌లో బేరం దాకా వెళ్లాను. ఆయన నన్ను అడిగినవి రెండే: అడ్వాన్స్ ఎప్పుడు వేస్తారు, పిల్లను బస్సులో పంపమంటారా, కారులోనా. ఇంట్లో చిన్నపిల్లలున్నారా, ఇంతకుముందు కుక్కను పెంచారా, రోజుకు ఎంత టైం ఇవ్వగలరు, ఇవేవీ ఆయనకు అక్కర్లేదు.

ఈ సంగతి విని మా బావ "ఆగు జర" అన్నాడు. పోలీసు డాగ్ స్క్వాడ్‌లో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఆయనకు తెలుసు. కాజీపేట దాటి ధర్మసాగర్ వైపు వెళ్లే దారిలో ఒక పాడి రైతు పొలంలో ఆయన కొందరి కుక్కలకు పొద్దున పూట ట్రైనింగ్ ఇప్పిస్తున్నాడట. కొనే ముందు వెళ్లి చూసి రమ్మని నంబరు ఇచ్చాడు. ఫోన్ చేస్తే పెద్దాయన ఎక్కువ మాట్లాడలేదు. "చూసుడైతే చూడు తమ్మీ. ఐదున్నరకల్లా ఉండాలె. సెంటు గింటు కొట్టుకోని రాకు."

కాజీపేటలో మా మొబైల్ రిపేరు షాపు పదింటికి గానీ తెరవం. కాబట్టి పొద్దున్నే వెళ్లి రావడం నాకు పెద్ద ఇబ్బంది కాలేదు, చలికి లేవడం ఒక్కటే బాధ. నవంబరు చివర, వానాకాలం వరి కోసేసిన మడులు. పాడి రైతు కొట్టం పక్కనే రెండు బొలేరోలు, ఒక పాత ఆల్టో. వాటి వెనక సీట్లలో, బోనుల్లో కుక్కలు. అన్నీ ఒకేసారి మొరుగుతాయనుకుని వెళ్లాను. ఒకటి రెండు తప్ప మిగతావి పడుకునే ఉన్నాయి. ఒక కుక్క పని చేస్తుంటే మిగతావి బండిలోనే ఉండాలి, అది అక్కడి మొదటి రూలు. మనిషికైతే తోటివాణ్ణి చూస్తే నేర్పు వస్తుందేమోగానీ, ఈ కుక్కలకు చూస్తూ కూర్చుంటే ఆవేశం తప్ప ఇంకేమీ రాదన్నాడు సార్. అందరూ ఆ పెద్దాయన్ను సార్ అనే పిలుస్తారు, నేనూ అలాగే మొదలుపెట్టాను.

అక్కడ జరిగేది పోలీసు ట్రైనింగ్ కాదని ముందే చెప్పాలి. పోలీసు కుక్క పనుల్లోంచి పుట్టిన ఆట అది. ఐజీపీ అంటారు. జర్మన్ షెపర్డ్ జాతికి రూపు తెచ్చిన మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ 1899లో ఆ జాతి కోసం సంఘం పెట్టాడు. తర్వాత కొన్నేళ్లకే, కుక్క చూడ్డానికి బాగుంటే సరిపోదు, పనికి వస్తుందో రాదో తేల్చాకే దాని సంతానాన్ని పెంచాలన్న పట్టుదలతో ఈ పరీక్ష తయారైంది. మొదట షుట్జ్‌హుండ్ అనేవారు, తర్వాత ఐపీఓ అన్నారు, 2019 నుంచి ఐజీపీ. పేరు ఎన్నిసార్లు మారినా మూడు భాగాలు మాత్రం అవే: జాడ తీయడం (మనిషి నడిచిపోయిన దారిని వాసనతో పట్టుకుని పోవడం), చెప్పినట్టు వినడం, రక్షణ. ఒక్కోదానికి 100 మార్కులు. ప్రతి దాంట్లోనూ 70 తెచ్చుకోవాలి. రెండింట్లో 95 చొప్పున వచ్చి మూడోదాంట్లో 69 వచ్చినా ఫెయిలే, అచ్చం ఇంటర్ పరీక్షల లెక్క. అసలు దీనికి కూర్చోవాలంటే ముందు బీహెచ్ అనే ఇంకో పరీక్ష పాసవ్వాలి. జనంలో, ట్రాఫిక్‌లో కుక్క బుద్ధిగా ఉంటుందా అని చూసే పరీక్ష అది.

నేను వెళ్లింది కరిచే పని చూడ్డానికి. మొదటి రోజు దాని ఊసే లేదు. సార్ నా చెప్పులు చూసి, కొట్టంలోంచి ఎవరివో గంబూట్లు తెప్పించి ఇచ్చాడు. "జాడ వేస్తవా?" అన్నాడు.

దానికి నేనెందుకు కావాల్సి వచ్చానంటే, మొదటి లెవెల్ పరీక్షలో జాడ యజమానే వేసుకుంటాడు. 300 అడుగులు (ఫీట్లు కాదు, నడిచే అడుగులు), రెండు మలుపులు, వేశాక 20 నిమిషాలు ఆగి కుక్కను వదలాలి. రెండో లెవెల్ నుంచి పరాయి మనిషి వేయాలి. 400 అడుగులు, అరగంట. మూడో లెవెల్లో 600 అడుగులు, నాలుగు మలుపులు, గంట సేపు పాతబడిన జాడ. అక్కడికొచ్చే నలుగురైదుగురి వాసన ఆ కుక్కలన్నిటికీ ఎప్పుడో అలవాటైపోయింది. కొత్తగా దొరికిన పరాయి మనిషిని నేనే.

జాడ వేయడం అంటే మామూలుగా నడిచిపోవడమేగా అనిపిస్తుంది. కాదు. ముందు మూడు చిన్న వస్తువులు ఇచ్చారు: ఒక తోలు ముక్క, ఒక చెక్క ముక్క, ఒక మందపాటి గుడ్డ ముక్క. ఒక్కోటి పది సెంటీమీటర్ల పొడవు, నా వేలంత మందం కూడా లేదు. నేలలో కలిసిపోయే రంగు. వాటిని అరగంట ముందే జేబులో వేసుకోవాలి, నా వాసన పట్టడానికి. మొదలుపెట్టే చోట చిన్న జెండా గుచ్చి, అక్కడ కాసేపు నిలబడాలి. తర్వాత మామూలు నడకతో, కాలు ఈడ్చకుండా, వెనక్కి తిరగకుండా నడవాలి. ఎదురుగా ఒక గుర్తు పెట్టుకోవాలి, తాటిచెట్టో కరెంటు స్తంభమో. మలుపు దగ్గర ఇంకో గుర్తు. మనం ఎక్కడ తిరిగామో మనకు కచ్చితంగా తెలియకపోతే, కుక్క తప్పుతోందా సరిగ్గానే పోతోందా అన్నది వెనకున్నవాడికి ఎలా తెలుస్తుంది? సార్ ఒడ్డు మీద నిలబడి కాగితం మీద బొమ్మ గీసుకుంటున్నాడు. వస్తువు వదిలేటప్పుడు ఆగకూడదు, వంగకూడదు, నడుస్తూనే వేసిన అడుగులో జారవిడవాలి.

నేర్చుకుంటున్న కుక్కలకైతే ఇంకో పద్ధతి. ప్రతి అడుగులోనూ ఉడికించిన కోడి కార్జం ముక్క, గోరంత సైజులో. కుక్క అడుగు అడుగుకూ ముక్కు దించాలి కదా, అందుకు. కొన్ని వారాలకు రెండడుగులకొకటి, తర్వాత ఐదారడుగులకొకటి, ఆ తర్వాత ఎక్కడుంటుందో తెలియకుండా అక్కడొకటి ఇక్కడొకటి. చివరికి ముక్కలు ఉండవు, వస్తువు దగ్గర మాత్రమే బహుమానం. కోడి కార్జం చేతికి అంటి షాపుకు వెళ్లాక కూడా వాసన వస్తుండేది. మా ఆవిడ నా జేబులు వెతికి, ప్యాంటును వేరే బకెట్లో నానబెట్టడం మొదలుపెట్టింది.

జాడ పాతబడే అరగంటా ఒడ్డు మీదే కూర్చుంటాం. పక్క మడిలో పని చేసుకునే ఒక అవ్వ రోజూ మమ్మల్ని చూస్తూ వెళ్లేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "ఏంది బిడ్డా, ఈ కుక్కలు ఏం పోగొట్టుకున్నయి? పొద్దుగాల్నుంచి నేల నాకుతున్నయి." సార్ నవ్వకుండా "పైసలు పడిపోయినయమ్మా" అన్నాడు. ఆమె నమ్మినట్టే తలూపి వెళ్లిపోయింది.

ఆ పొద్దు బ్రూనో వంతు. ఐదేళ్ల జర్మన్ షెపర్డ్, మగది. దాని యజమాని ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు. పది మీటర్ల తాడు కట్టి, జెండా దగ్గరికి తీసుకొచ్చి "ఝూఖ్" అన్నాడు, వెతుకు అని. ఈ ఆటలో జర్మన్ మాటలే ఎక్కువ వాడతారు. కుక్కతో జర్మన్, పక్కవాడితో మన మాట. "ప్లాట్జ్! అరే, గా తాడు జర ఇటియ్యరా" అని ఒకే ఊపిరిలో వినిపిస్తుంటుంది అక్కడ.

నేను బ్రూనోకు పక్కగా, బాగా ఎడం పాటించి నడిచాను. నా కాలి గుర్తులు నాకే కనపడట్లేదు. మంచు మీద పడ్డ అడుగులు సూర్యుడొచ్చేసరికి చెరిగిపోయాయి. అది మాత్రం నా ఒక్కో అడుగులో ముక్కు పెట్టి తీస్తోంది. దగ్గరగా చూస్తే ముక్కు పక్కనుండే చీలికలు తెరుచుకుని మూసుకుంటున్నాయి. బయటికి వదిలే గాలి ఆ చీలికల గుండా పక్కలకు పోతుంది కాబట్టి, ముందున్న వాసన చెదరదు. ఎండిన వరి పొట్టు అటూ ఇటూ ఎగరడం నేను చూశాను. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు యాభై అరవై లక్షలైతే, ఇలాంటి కుక్కల్లో ఇరవై కోట్లకు పైనే. అయితే అది పట్టేది ఒక్క నా ఒంటి వాసననే కాదట. బూటు కింద నలిగిన గడ్డి, తెగిన కొయ్యకాళ్లు, కదిలిన మట్టి, అన్నీ కలిసి చుట్టుపక్కల తొక్కని నేలకూ ఆ అడుగుకూ తేడా చూపిస్తాయి.

మొదటి మలుపు దగ్గర బ్రూనో రెండడుగులు ముందుకు పోయింది. తల ఎత్తలేదు. ఆగింది. తోక వేగం మారింది. చిన్న గుండ్రం తిరిగి, కుడివైపు దొరకబుచ్చుకుంది. వెనకున్న కుర్రాడు నోరెత్తలేదు, తాడు లాగలేదు, నిలబడిపోయాడంతే. అతని మెడ నరాలు మాత్రం బిగుసుకున్నాయి. సగం దూరంలో తోలు ముక్క దగ్గర కుక్క ఒక్కసారిగా పడుకుంది, ముందు కాళ్ల మధ్య ఆ ముక్క. కుర్రాడు వెళ్లి దాన్ని తల పైకెత్తి చూపించాడు, జడ్జికి చూపించినట్టు. మళ్లీ "ఝూఖ్". మొత్తం అయ్యేసరికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఏ రీల్‌లోనూ ఇది ఎందుకు కనపడదో అర్థమైంది. ఇందులో చూపించడానికేమీ లేదు. కానీ నేను నడిచిన దారినే, నాకే గుర్తులేనంత కచ్చితంగా ఒక జంతువు నాకు తిరిగి చెప్పేస్తుంటే ఒళ్లు జలదరించింది.

సార్‌కు మాత్రం ఇదంతా ఆటే. "గిది పాలిషు జేసిన నేల తమ్మీ" అంటాడు. ఆయన పనిచేసిన కాలంలో దొంగతనం జరిగిన ఇంటికి ముందు ఇరుగుపొరుగు వచ్చి చూస్తారు, తర్వాత ఊరంతా వస్తుంది, సర్పంచ్ వస్తాడు, చాయ్‌లు అవుతాయి, అప్పుడు డాగ్ స్క్వాడ్‌కు కబురు. పేపర్లో మర్నాడు "జాగిలం రోడ్డు వరకు వెళ్లి ఆగిపోయింది" అని వస్తుంది. ఆ వాక్యం చదివి జనం నవ్వుతారని ఆయనకు ఇప్పటికీ కోపం. ఆగిపోయిందంటే దొంగ అక్కడ బండెక్కాడని కదా, ఏ రోడ్డు వైపు వెతకాలో, ఏ కెమెరా చూడాలో తెలిసింది కదా అంటాడు. నాకూ ఆ వాక్యం చదివినప్పుడల్లా నవ్వే వచ్చేది. ఇప్పుడు రాదు.

తెలంగాణ పోలీసు కుక్కలకు ట్రైనింగ్ మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ అకాడమీలో ఇస్తారు. కోర్సు ఎనిమిది నెలలు. కుక్కతో పాటు దాని హ్యాండ్లర్ కూడా అక్కడే ఉండి కలిసి నేర్చుకుంటాడు. కేంద్ర బలగాల వైపు చూస్తే గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ వాళ్ల సెంటర్ పెద్దది. మన దగ్గర పోలీసు కుక్కల పని చాలామటుకు ముక్కు పనే: పేలుడు పదార్థాలు, గంజాయి, నేరస్థుల జాడ. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చిందంటే బాంబు కుక్కలకు తీరిక ఉండదు. ఆ దుమ్ములో, ఆ బెల్లం వాసనలో, కోళ్ల మధ్య, మేకల మధ్య ఒక కుక్క తన పని మీదే ధ్యాస పెట్టాలంటే ఎంత తర్ఫీదు ఉండాలో సార్ చెప్తుంటే వినాలి. బాంబు కుక్క దొరికిన వస్తువును గోకకూడదు, మొరగకూడదు. చప్పుడు లేకుండా కూర్చోవాలి. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

రెండో భాగం గురించి ఎక్కువ రాయను, నాకు అది అంతగా ఎక్కలేదు. కుక్క యజమాని ఎడమ మోకాలికి ఆనుకుని, తలెత్తి ముఖంలోకి చూస్తూ నడవాలి. నడుస్తుండగానే కూర్చోమంటే కూర్చోవాలి, ఆయన ఆగకుండా వెళ్లిపోతాడు. చెక్క డంబెల్‌ను నేల మీంచి ఒకసారి, మీటరు ఎత్తు అడ్డం మీంచి దూకి ఒకసారి, 1.8 మీటర్ల ఏటవాలు గోడ ఎక్కి దిగి ఒకసారి తేవాలి. మధ్యలో తుపాకీ చప్పుడు చేస్తారు, బెదరకూడదు. ఇక్కడ పిస్టల్ లేదు కాబట్టి రెండు చెక్కలు కలిపి ఠపీమని కొడతారు. పక్క పొలం కొంగలు లేచిపోతాయి, కుక్కలు లేవవు. కష్టమైన పనే, కాదనను. చూసేవాడికి మాత్రం కాసేపటికి ఆవలింత వస్తుంది.

అందులో గుర్తుండిపోయింది ఒకటే. కరీంనగర్ నుంచి రాట్‌వైలర్‌ను తెచ్చే ఒకాయన ప్రతి మాటా అరిచి చెప్పేవాడు. ఎంత అరిస్తే కుక్క అంత నెమ్మదిస్తోంది. సార్ దగ్గరికి వెళ్లి "దానికి చెవుడు లేదు పటేలా" అన్నాడు. ఆ తర్వాత అరగంట సేపు ఆయనతో కుక్క లేకుండానే నడిపించాడు, ఎప్పుడు మాట అనాలి, ఎప్పుడు చెయ్యి కదలాలి, ఏది ముందు ఏది వెనక అని. అరక్షణం తేడాలో బిస్కెట్ ఇస్తే కుక్క ఇంకోటి నేర్చుకుంటుందట. ట్రైనింగ్ కుక్కకా మనిషికా అన్న అనుమానం నాకు అక్కడే మొదలైంది.

ఇంకొకాయన వచ్చాడు, ప్లాట్లు కాపలా కాయడానికి తన కుక్కను "ఫియర్స్‌గా చేసి ఇయ్యండి" అని. చేతిలో షాక్ కాలర్, రిమోట్. సార్ ఆ పెట్టెను కారులోనే పెట్టి రమ్మన్నాడు. పోటీలో మామూలు గొలుసు పట్టీ తప్ప ముళ్ల పట్టీ గానీ కరెంటు పట్టీ గానీ వేయనివ్వరు. ఆ కుక్కను కాసేపు చూసి, "ఇది భయపడి మొరుగుతాంది. భయపడ్డ కుక్కకు కరుసుడు నేర్పితే ముందు మీ ఇంట్లోళ్లనే కరుస్తది" అని పంపించేశాడు. ఆయన మొహం మాడ్చుకుని వెళ్లాడు. ఎక్కడో ఒకచోట డబ్బు తీసుకుని ఆ పని చేసిపెట్టేవాళ్లు దొరికే ఉంటారు. నాకు దిగులుగా అనిపించింది.

ఇక రక్షణ. దీనికోసమేగా వెళ్లింది.

హెల్పర్ అంటే కుక్క ఎదురుగా నిలబడే మనిషి. ఇక్కడ హెల్పర్ హసన్‌పర్తి నుంచి వచ్చే డిగ్రీ కుర్రాడు, కబడ్డీ ఆడతాడు. ఆ కాళ్ల నేర్పే ఇక్కడ పనికొచ్చిందంటాడు. ఒళ్లంతా కప్పే సూటు కాదు, ఈ ఆటలో చేతికి స్లీవ్ ఒక్కటే ఉంటుంది. లోపల గట్టి తొడుగు, పైన జనపనార కవరు. కింద మందపాటి ప్యాంటు. కుక్క లేనప్పుడు ఆ స్లీవ్ తొడుక్కుని చూశాను. బరువు సంగతి అలా ఉంచితే, లోపలి చెమట కంపుకు రెండు నిమిషాలు ఉండలేకపోయాను.

పిల్లలతో గోనె గుడ్డ ముక్కతో మొదలుపెడతారు. తాడుకు కట్టి ఆడిస్తారు, కుక్కపిల్ల పట్టుకుంటే వదిలేస్తారు. అది గెలిచినట్టు, ఎత్తుకుని తిరుగుతుంది. పాలపళ్లు ఊడే నెలల్లో ఈ పని ఆపేస్తారు, నోరు నొప్పి పుడితే తర్వాత పట్టుకోవడానికే జంకుతుంది. పట్టు ఎలా ఉందన్నదే అసలు విషయం. నోరంతా నింపుకుని, నిమ్మళంగా, నమలకుండా పట్టుకోవాలి. ముందు పళ్లతో కొరికి వదిలే కుక్క చూసేవాడికి భయంకరంగా కనిపిస్తుంది. నిజానికి దానికే గుండె దడ. సార్ దూరం నుంచి దవడ చూసి చెప్పేస్తాడు, ఏ కుక్కకు ధైర్యం ఉందో, ఏది నటిస్తోందో.

పై లెవెల్లో మైదానంలో ఆరు గుడారాలుంటాయి. కుక్క ఒక్కోదాన్ని చుట్టి వచ్చి దాక్కున్న మనిషిని కనిపెట్టాలి. ఇక్కడ యూరియా సంచులు కుట్టి వెదురు బొంగులకు కట్టారు. జోరా అనే మూడేళ్ల ఆడ మాలినోయ్‌ను వదిలారు. పరుగు కాదది, నేలను తన్నుకుంటూ పోవడం. ఆరో గుడారంలో హెల్పర్ కదలకుండా నిలబడి ఉన్నాడు. అది దూకి కరిచేస్తుందని నేను కళ్లు సగం మూసుకున్నాను. అతని ముందు జానెడు దూరంలో ఆగి మొరగడం మొదలుపెట్టింది. ఒకే తాళంలో, ఆపకుండా. ఉమ్మి అతని స్లీవ్ మీద పడుతోంది. వెనక కాళ్లు బిగబట్టి ఎగిరెగిరి పడుతోంది గానీ తాకట్లేదు. మనిషి కదలనంతసేపూ దానికి కరిచే హక్కు లేదు. ఊరికే అలా తాకినా మార్కులు పోతాయి. హెల్పర్ ఒక్క అడుగు పారిపోబోయాడో లేదో, స్లీవ్ దాని నోట్లో ఉంది. అతను మెత్తటి కర్ర ఊపుతూ దాని మీదికి తోసుకొచ్చాడు. పట్టు సడలలేదు. ఆగిపోయాడు. ఇప్పుడు యజమాని, ఆ పాడి రైతే, దూరం నుంచి "ఔస్" అన్నాడు.

వదలలేదు.

పోటీలో అయితే మొదటి మాటకు వదలాలి. వదలకపోతే జడ్జి ఇంకో రెండుసార్లు చెప్పనిస్తాడు, మార్కులు కోసుకుంటూ. అప్పటికీ వదలకపోతే ఇంటికే. కుక్కకు పట్టుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు, అది దాని రక్తంలోనే ఉంది. నోట్లో ఉన్నదాన్ని, అది కూడా ఆ ఊపులో, ఒక్క మాటకు వదిలించడం దగ్గరే నెలలు గడిచిపోతాయి.

ఆ పొద్దు ఎవరూ అరవలేదు. రైతు నడుచుకుంటూ వచ్చి జోరా పట్టీ పట్టుకుని పక్కనే మోకాలి మీద కూర్చున్నాడు. హెల్పర్ స్లీవ్‌ను తన పొట్టకు ఆనించి బిగబట్టాడు, అంగుళం కదలకుండా. కదిలితే కుక్కకు ఆట, కదలకపోతే అది చచ్చిన వస్తువు. జోరా కళ్లు పైకి తిప్పి హెల్పర్ మొహం చూస్తోంది. ముక్కుతో బుస్సుబుస్సుమని ఊపిరి. ఒడ్డు మీద ఊళ్లోంచి వచ్చిన రెండు ఊరకుక్కలు చెవులు రిక్కించి కూర్చుని చూస్తున్నాయి. చాలాసేపటికి దాని దవడ కొంచెం వదులైంది. రైతు అప్పుడు, సరిగ్గా అప్పుడే, మెల్లగా "ఔస్" అన్నాడు. నోరు తెరిచింది. తెరిచిన మరుక్షణం హెల్పర్ వెనక్కి గెంతి స్లీవ్ ఊపాడు, రైతు పట్టీ వదిలాడు, మళ్లీ దాని నోట్లో స్లీవ్. ఈసారి చేతిలోంచి జార్చి దానికే ఇచ్చేశారు. తోకెత్తుకుని మడి చుట్టూ తిరిగింది.

"ఇడిచిపెడితేనే మళ్ల దొరుకుతదని దానికి సమజ్ కావాలె. గుంజితే ఇంకా గట్టిగ పడ్తది, మనమైతే పట్టమా?" అన్నాడు సార్. ఆ తర్వాతి వారాల్లో జోరా వదిలే టైం తగ్గుతూ వచ్చింది. కొన్ని రోజులు మళ్లీ మొదటికొచ్చేది కూడా. మొదటి మాటకే వదిలిన పొద్దున ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కుక్క ధ్యాస చెదురుతుందని. రైతు మాత్రం ఆ పూట పాలు పోయడానికి ఆలస్యంగా వెళ్లాడు.

నేను చూసిన కుక్కల్లో ఏదీ కోపంతో కరవలేదు. పని అయ్యాక అదే హెల్పర్ స్లీవ్ తీసి పక్కన పెట్టి జోరా చెవుల వెనక గోకుతాడు, అది అతని ఒళ్లో తల పెడుతుంది. దాన్ని పెంచే రైతు ఇంట్లో బడికెళ్లే పిల్లలున్నారు. కానీ ఆ కుక్క రోజు ఎలా గడుస్తుందో కూడా చూశాను. పొద్దున జాడ లేదా ట్రైనింగ్, మధ్యాహ్నం బోనులో నిద్ర, సాయంత్రం పొలం చుట్టూ సైకిల్ పక్కన పరుగు, రాత్రి బంతితో మళ్లీ ఓ పావుగంట. ఒక్కరోజు పెళ్లికి పోయి వదిలేస్తే బోను తలుపు అంచు కొరికి పెట్టింది. సార్ నన్ను ఒకరోజు పక్కకు పిలిచి అడిగాడు. "నువ్వు పది గంటలకు షాపు తీస్తవు, రాత్రి తొమ్మిదికి మూస్తవు. నడిమిట్ల అది ఏం జేస్తది?" నా దగ్గర జవాబు లేదు. పెంపకందారుకు ఫోన్ చేసి వద్దన్నాను. ఆయన ధర తగ్గించాడు. మళ్లీ వద్దన్నాను.

అయినా వెళ్లడం మానలేదు. ఫిబ్రవరి దాటాక అక్కడి లెక్కే మారిపోయింది. సూర్యుడు కాస్త పైకొచ్చాక జాడ నిలవదు, మంచు ఉండదు, నేల వేడెక్కుతుంది. రక్షణ పని ఏడున్నరకల్లా కట్టేస్తారు. కుక్క ఒళ్లు మామూలుగానే 101 నుంచి 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మనలా చెమట పట్టి చల్లబడదు, నాలుక బయటపెట్టి ఒగర్చాలి, అంతే. మాలినోయ్‌తో ఇంకో చిక్కు, అలసిపోయానని అది చెప్పదు. పడిపోయేదాకా పరిగెడుతుంది. నాలుక చివర వెడల్పై పక్కకు వేలాడుతుంటే, నోటి లోపల ముదురు ఎరుపు కనపడుతుంటే ఆపేయాలి. పొట్టకింద, పాదాలకు తడిగుడ్డ వేయాలి, నీళ్లు కొద్దికొద్దిగా తాగించాలి. ఎండాకాలం గోమార్ల పని ఒకటి. బండెక్కించే ముందు ప్రతి కుక్కకూ చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతికి తీస్తారు. గోమారి జ్వరం పట్టిందంటే కుక్క తిండి మానేసి నీరసించిపోతుంది, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. బ్రూనో ఒకసారి అలా పడుకుంటే కోలుకుని మళ్లీ పనిలోకి రావడానికి చాన్నాళ్లు పట్టింది.

ఎవరైనా ఇలాంటి చోటికి చూడ్డానికి వెళ్తే నా మాటగా నాలుగు సంగతులు. మీ కుక్కను వెంట తీసుకెళ్లకండి. పనిలో ఉన్న కుక్కను పేరు పెట్టి పిలవకండి, బిస్కెట్ ఇవ్వకండి. ఎక్కడ నిలబడమన్నారో అక్కడే నిలబడండి, హెల్పర్ వెనక అసలే వద్దు. వీడియో తీయాలంటే అడిగి తీయండి. నేను తీసినవి కొన్ని ఉన్నాయి, చూపిస్తే మా బావమరిది ఒక్క నిమిషం చూసి "ఇందులో కరుసుడు ఏది?" అన్నాడు.

ఈ మధ్య సార్ నా జాడను తిట్టడం తగ్గించాడు. వాసన అలవాటైపోయిందని నన్ను మార్చాలనుకుంటున్నారట. కొత్త మనిషి దొరికేదాకా నేనే. వచ్చే ఆదివారం బ్రూనోకు మొదటిసారి మూడో లెవెల్ జాడ, 600 అడుగులు. ఈసారి వరి మడిలో కాదు, పల్లి పీకేసిన ఎర్రనేలలో వేయాలన్నాడు. నాలుగో మలుపు బావి దగ్గర పెట్టమన్నాడు, అక్కడ రోజూ బర్రెలు తొక్కి పోతుంటాయి కాబట్టి.